వరస కలిసిన చేప

హోలియోక్‌లో యాత్రికుడు ఆగి చూసేవి పెద్దగా ఉండవు. ఒకప్పుడు కాగితం మిల్లులతో వెలిగిన పట్టణం. ఆ మిల్లులు చాలావరకు మూతపడ్డాయి. ఎర్రిటుక గోడలూ, యంత్రాలు తిప్పడానికి తవ్విన కాలవలూ మిగిలాయి. మసాచుసెట్స్ రాష్ట్రానికి పడమటి దిక్కున, కనెటికట్ నది ఒడ్డున ఉందీ ఊరు. మా చెల్లెలి ఇల్లు అక్కడికి దగ్గర్లోనే, ఆమ్‌హర్స్ట్‌లో. "మే నెలలో వచ్చావు కాబట్టి నీకు ముందు బోస్టన్ కాదు, హోలియోక్ చూపించాలి అన్నయ్యా" అంది. ఎందుకో చెప్పలేదు. ముందు సీట్లో కూర్చున్న వాళ్ల అత్తగారు మాత్రం ఆగలేకపోయారు. "చేపలు లిఫ్టెక్కుతాయి బాబూ, చూద్దువుగాని" అని గుట్టు విప్పేశారు.

ఆవిడది నరసాపురం. వశిష్ఠ గోదావరి ఒడ్డున పుట్టి, ఆ ఒడ్డునే కాపురం చేసి, కొడుకూ కోడలి దగ్గర కొన్నాళ్లుందామని వచ్చిన మనిషి. నేను రాజమండ్రివాణ్ణి. చేప గురించి మా ఇద్దరికీ ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదని అనుకుంటూ కారు దిగాను.

ఇక్కడ నదికి అడ్డంగా 1849లో కర్రలతో ఆనకట్ట కట్టారు. ఆ తర్వాత దాని దిగువనే రాతి ఆనకట్ట లేచింది, 1900లో పూర్తయింది. సముద్రం నుంచి సుమారు 140 కిలోమీటర్లు ఏటికెదురీదుకుంటూ వచ్చే షాడ్ అనే చేపకి దారి ఇక్కడ మూసుకుపోయింది. వందేళ్లు గడిచాక, 1955లో, ఆ చేప కోసమే లిఫ్టు పెట్టారు. అది పనిచేసే తీరు సులువుగానే అర్థమవుతుంది. ఆనకట్ట కింద ఒక ఇరుకు కాలవలోకి నీళ్లు జోరుగా వదులుతారు. ఎదురీదడమే పనిగా వచ్చిన చేప ఆ జోరు ఎక్కడుంటే అక్కడికే చేరుతుంది. వెనకనుంచి జల్లెడలాంటి తలుపొకటి నెమ్మదిగా ముందుకు జరిగి, చేపలన్నిటినీ పెద్ద తొట్టిలోకి తోస్తుంది. తొట్టి పైకి లేచి, ఎగువనున్న కాలవలోకి వాటిని వదిలేస్తుంది. ఆ కాలవకి ఒకపక్క గాజు కిటికీలున్నాయి. మనం ఇవతల నిలబడి చూడొచ్చు. దాటిన ప్రతి చేపనీ లెక్క రాసుకుంటారు. 1992లో ఒక్క ఏడాదే ఏడు లక్షలకు పైగా షాడ్ ఈ లిఫ్టెక్కి వెళ్లాయి.

మేం వెళ్లిన పూట బడిపిల్లలు గాజుకి ముక్కులు ఆనించి నిలబడ్డారు. పచ్చటి నీళ్లలోంచి మొదట ఒకటి, ఆ వెనకే గుంపు. పలచటి వెడల్పాటి ఒళ్లు, వెండి పొలుసు, కింద కత్తి అంచులాంటి పొట్ట, చీలిన తోక. అత్తయ్యగారు కళ్లజోడు సర్దుకుని చాలాసేపు చూశారు. "ఇది మన పులసకి ఏదో వరసవుతుంది" అన్నారు.

ఆవిడ అన్నది అక్షరాలా నిజం. సముద్రంలో ఇలస, గోదాట్లోకి వస్తే పులస అని మనం పిలిచే చేపకి ఇంగ్లీషులో పేరే హిల్సా షాడ్. రెండూ హెర్రింగ్ వంశంలోవే. రెండూ ఉప్పునీళ్లలో పెరిగి, గుడ్లు పెట్టడానికి మంచినీళ్లకి వస్తాయి. పులస ఎర్రనీరు దిగాక బయల్దేరుతుంది. షాడ్ మంచు కరిగి నది వెచ్చబడ్డాక బయల్దేరుతుంది. అప్పుడే ఒడ్డునున్న ఒక పొద తెల్లగా పూస్తుంది. దానికి షాడ్‌బుష్ అనే పేరు. పొద పూసిందంటే వలలు దులపమని లెక్క. ఇక ముళ్ల సంగతి సరేసరి. ఇద్దరిదీ ఒకే ఇంటి పంట.

అమెరికాలో మనవాళ్ల వంటిళ్లు చాలా చూశాను. బీరకాయ లేకపోతే జుకినీ, మామిడికాయ లేకపోతే ఆకుపచ్చ ఆపిల్, ఉప్మారవ్వ లేకపోతే క్రీమ్ ఆఫ్ వీట్. ఇవన్నీ పనిచేస్తాయి, కాదనను. ఆకుపచ్చ ఆపిల్‌తో ఉగాది పచ్చడి చేసుకున్నవాళ్లకి పుణ్యం తగ్గేదేమీ లేదు. కానీ ఈ పద్ధతిలో ఒక చిక్కుంది. కంటికి కనిపించే పోలిక పట్టుకుని వెతుకుతాం. జుకినీ బీరకాయలా పచ్చగా పొడుగ్గా ఉంటుంది కాబట్టి పచ్చడి చేస్తాం. అది బోలెడు నీరు వదిలేసి, బీరపొట్టులో ఉండే ఆ కమ్మదనం ఏమీ ఇవ్వక, చివరికి మిరపకాయల రుచే మిగులుతుంది. తిన్నవాళ్లందరూ "అచ్చం మన బీరకాయలాగే ఉంది" అంటారు. మర్యాదకి.

అత్తయ్యగారి పద్ధతి వేరు. ఆవిడ రంగూ రూపూ చూడరు. ఈ కాయ ఏ నేలలో పండింది, ఈ చేప ఎక్కణ్నుంచి ఎక్కడికి పోతోంది, దీన్ని ఇక్కడివాళ్లు ఏం చేసుకు తింటారు, ఇవీ ఆవిడ అడిగేవి. ఇంగ్లీషు పెద్దగా రాదు. చెల్లెల్ని పక్కన పెట్టుకుని కొట్లో అందరినీ అడిగిస్తారు. ఆవిడ వంట తిన్నాక నాకు అర్థమైంది, పరాయి ఊళ్లో వండుకోవడానికి ఇదే సరైన దారి.

ఆమ్‌హర్స్ట్ పక్క ఊరు హాడ్లీ. హిమయుగం చివర అక్కడంతా ఒక పెద్ద సరస్సు ఉండేదట, లేక్ హిచ్‌కాక్ అంటారు. సరస్సు ఇంకిపోయాక అడుగున మిగిలిన ఒండ్రు, ఏటా నది వరదలో తెచ్చి వేసిన ఒండ్రు, రెండూ కలిసి రాయన్నది తగలని మెత్తటి నేల తయారైంది. చేతిలోకి తీసుకుని నలిపితే మన లంక మట్టిలాగే ఉంది. ఈ నేలలో ఆస్పరాగస్ బ్రహ్మాండంగా పండుతుంది. హాడ్లీ ఆస్పరాగస్ అంటే ఒకప్పుడు దేశమంతా పేరు. పోలండ్ నుంచి వలస వచ్చిన రైతులు దాన్ని పెంచి పెద్ద చేశారు. 1970ల్లో వేరుకుళ్లు తెగులు తగిలి తోటలు పోయాయి. ఇప్పుడు మళ్లీ కొన్ని తోటలున్నాయి. మే నెలలో రోడ్డు పక్కన బల్లలు వేసి కట్టలు పెడతారు. అమ్మే మనిషి ఉండడు. డబ్బాలో డబ్బులు వేసి కట్ట తీసుకుపోవడమే. మన శతావరికి ఇది దగ్గరి చుట్టం.

అత్తయ్యగారు దానికి ఆవ పెట్టారు. అరంగుళం ముక్కలు కోసి, ఉప్పునీళ్లలో రెండు పొంగులు రానిచ్చి వార్చి, తాలింపులో వేసి, కాస్త చింతపండు గుజ్జు తగిలించారు. దింపాక నానబెట్టి నూరిన ఆవముద్ద కలిపారు. ఆవ ఘాటు, ఆ కాడల పచ్చి తీపి, రెండూ ఒకదాన్నొకటి నిలబెట్టాయి. పనసపొట్టుకో అరటికాయకో పెట్టే ఆవని ఈ కాడకి పెట్టొచ్చని నాకు తోచేది కాదు. ఇక్కడి హోటళ్లలో దీనికి వెన్నా నిమ్మరసమూ తప్ప మరొకటి ఎరగరు.

పెరట్లో రుబార్బ్ ఉంది. ఎర్రటి కాడ, ఏనుగు చెవంత ఆకు. ఇక్కడివాళ్లు కాడలో చక్కెర పోసి ఉడికించి పై చేసుకుంటారు. మనవాళ్లకి దాన్ని చూడగానే పప్పు గుర్తొస్తుంది, అంత పులుపు. ఒక్క జాగ్రత్త మాత్రం గట్టిగా చెప్పాలి. గోంగూరకి ఆకు తిని కాడ పారేస్తాం. దీనికి కాడ తిని ఆకు పారేయాలి, ఆకు విషం. ఆక్సాలిక్ ఆమ్లం మోతాదు మించి ఉంటుంది. కందిపప్పులో వేసి, రెండు పచ్చిమిరపకాయలు చీల్చి, వెల్లుల్లి తాలింపు పెడితే కాడ పూర్తిగా కరిగిపోతుంది. చింతపండు పులుపులో అడుగున కాస్త తీపి ఉంటుంది. దీన్లో అది లేదు, పులుపు సూదిగా తగులుతుంది. గోరంత బెల్లం వేస్తే సర్దుకుంటుంది. పప్పు బాగుంది. చెల్లెలు చేపల పులుసులోనూ ఇదే వేద్దామంది. అత్తయ్యగారు ఒప్పుకోలేదు. "పప్పులో పులుపు పప్పు కిందుండాలి. చేప దగ్గర పులుపు ముందు నడవాలి. దీనికంత ఓపిక లేదే" అన్నారు.

ఇండియన్ కొట్లో చింతపండు దొరుకుతుంది. కానీ ఇటుకలా నొక్కి, నల్లబడి ఎన్నాళ్లయిందో తెలియని సరుకు. కొత్త చింతపండు కోసం ఆవిడ కనిపెట్టిన చోటు మళ్లీ హోలియోకే. ఆ ఊళ్లో జనాభా దాదాపు సగం ప్యూర్టో రికోవాళ్లు. ఈ లోయలో పొగాకు తోటల్లో పనికని వచ్చిన కుటుంబాలు, తర్వాత ఇక్కడే స్థిరపడ్డాయి. వాళ్ల కొట్లోకి అడుగుపెడితే నాకు మా దేవీచౌక్ మార్కెట్లో ఉన్నట్టే అనిపించింది. పచ్చి అరటికాయలు, చేమదుంపకి అన్నదమ్ముల్లాంటి దుంపలు, కర్రపెండలం, బెండకాయలు, పెంకుతో ఉన్న చింతకాయలు. అన్నిటికన్నా ఆశ్చర్యం, పచ్చి కందిగింజల పొట్లాలు. వాళ్ల పండగ అన్నంలో కంది తప్పనిసరట. కందిపప్పు లేకుండా పూట గడవని మనం, కంది లేకుండా పండగ జరగని వాళ్లు. ఏడు సముద్రాల అవతల ఒక కాగితం మిల్లుల ఊళ్లో కలుసుకున్నాం. చింతచెట్టు పుట్టిల్లు ఆఫ్రికా అని, మిరపకాయ పుట్టిల్లు ఈ అమెరికా ఖండమేనని చదివే ఉంటారు. మన పులుసులో ఉప్పూ చేపా తప్ప ఏది మన సొంతమని లెక్క తీస్తే మిగిలేది కొంచెమే.

ఇలా సర్దుకుని వండుకోవడం ఈ లోయలో మనతో మొదలైంది కాదు. ఇంగ్లండు నుంచి వచ్చినవాళ్లు గోధుమ చల్లితే ఈ నేలలో సరిగా పండలేదు. ఇక్కడి ఆదివాసుల మొక్కజొన్న పిండిలో రై పిండి కలిపి రొట్టె కాల్చుకున్నారు. దానికి రై అండ్ ఇండియన్ అని పేరు. గోధుమపిండితో చేసుకునే గంజిని మొక్కజొన్నతో, పాలతో, కరీబియన్ దీవుల చెరకు మడ్డితో గంటలకొద్దీ ఉడికించి ఇండియన్ పుడ్డింగ్ అన్నారు. ఒక పాత హోటల్లో తిన్నాను. మన బెల్లం వేసిన మొక్కజొన్న జావే, కాస్త చిక్కగా. మొదట్లో గత్యంతరం లేక చేసుకున్న రొట్టె తర్వాత ఊరి గౌరవమైంది. ఆమ్‌హర్స్ట్ అనగానే అందరూ తలుచుకునే కవయిత్రి ఎమిలీ డికిన్సన్ 1856లో ఆ ఊరి సంతలో రై అండ్ ఇండియన్ రొట్టెకి రెండో బహుమతి గెలుచుకుంది. ఆమె కవితలు ఆమె బతికుండగా పది పన్నెండుకి మించి అచ్చు కాలేదు. రొట్టెకి మాత్రం బహుమతి వచ్చింది.

ఇక చేప. లిఫ్టు దగ్గర చూడ్డమే, కొనుక్కోవడానికి ఉండదు. ఆనకట్ట దిగువన గాలం వేసేవాళ్లున్నారు, వాళ్లకీ రోజుకింతే పట్టాలని పరిమితి. దక్షిణంగా కనెటికట్ రాష్ట్రంలోకి వెళ్తే వసంతంలో చేపల దుకాణాల్లో షాడ్ దొరుకుతుంది. మేమొక దుకాణానికి వెళ్లాం. అక్కడ రెండు రకాల సరుకుంది. ముళ్లు తీసిన కండ, విడిగా గుడ్లసంచి. అందరూ కొనేవి ఆ రెండే. షాడ్‌లో ముళ్లు తీయడం కొద్దిమందికే తెలిసిన విద్య, నేర్చుకునేవాళ్లు తగ్గిపోయారు. అత్తయ్యగారు నిండు చేప కావాలన్నారు. పొలుసు తీసి, ముళ్లతోనే అడ్డంగా ముక్కలు కొట్టమన్నారు. గుడ్లు లోపలే ఉంచమన్నారు. తలకాయ కూడా కావాలన్నారు. దుకాణదారు కత్తి కింద పెట్టి మా చెల్లెలి మొహం చూశాడు. "ఆవిడకి తెలుసా ఇందులో ఎన్ని ముళ్లుంటాయో?" అనడిగాడు. చెల్లెలు తర్జుమా చేసింది. "ముల్లు లేని చేపకి రుచెక్కడిదని చెప్పవే" అన్నారు ఆవిడ. అది తర్జుమా చేయడానికి చెల్లెలికి మొహమాటమేసింది.

గోదారి జిల్లాల్లో పులస కోసం పుస్తెలమ్ముకోవచ్చంటారు. వేల రూపాయలు పెట్టి కొంటారు, ఆ డబ్బుకి ఒడిశా సముద్రం చేప అంటగట్టే మోసాలూ ఉన్నాయి. ఇక్కడ రెండు కిలోల ఆడ షాడ్ ఒక మామూలు హోటల్ భోజనం ఖరీదుకే వచ్చింది. అమెరికావాళ్లు ఒకప్పుడు దీన్ని ఎగబడి తిన్నారు. జార్జ్ వాషింగ్టన్ తన పొలం పక్క పొటోమాక్ నదిలో షాడ్ పట్టించి వ్యాపారం చేశాడు. జాన్ మెక్‌ఫీ అనే రచయిత 2002లో ఈ చేప మీద ది ఫౌండింగ్ ఫిష్ అని ఏకంగా ఒక పుస్తకం రాశాడు. దీని శాస్త్రీయ నామంలోనే అత్యంత రుచికరమైనదని అర్థముంది. అంత చరిత్ర ఉన్న చేపని ఇవాళ ముళ్లకి భయపడి వదిలేశారు. నదులు, ఆనకట్టలు వాటి పని అవి చేశాయి. నా లెక్కలో ఓపిక తగ్గిపోవడం అంతకంటే పెద్ద దెబ్బ.

పాతకాలం న్యూ ఇంగ్లండ్ ఇల్లాళ్లు ముళ్లకి ఒక ఉపాయం కనిపెట్టారు. పులుపు తగిలించి, మూత బిగించి, బాగా సన్నసెగలో అయిదారు గంటలు ఓవెన్లో ఉంచేయడం. సన్నముళ్లు మెత్తబడిపోతాయి. పులస దగ్గర మనం చేసేదేంటి? చిక్కటి చింతపండు పులుసు, మట్టి దాక, పిడకల సెగ, రాత్రంతా అలా వదిలేయడం, మర్నాడు తినడం. ఒకరి మొహం ఒకరు చూడని రెండు నదుల ఆడవాళ్లు ఒకే వంశపు చేపకి ఒకే మందు పట్టుకున్నారు. ఇది విన్నాక అత్తయ్యగారికి ఓవెన్ మీదున్న కోపం కొంత తగ్గింది. అప్పటిదాకా "మంట కనపడకుండా వంటేంటమ్మా" అని విసుక్కునేవారు.

మట్టిదాక లేదు. బోస్టన్‌లో చిక్కుడుగింజలు మగ్గబెట్టే ఇరుకుమూతి కుండ ఒకటి చెల్లెలి దగ్గరుంది. అది బయటికి తీసింది. ఆవిడ మూతిలో చెయ్యి పెట్టి చూసి పక్కన పెట్టేశారు. ముక్కలు ఒకదానిమీదొకటి పడితే విరిగిపోతాయి, కుదపడానికి వీలవదు. పులస పులుసులో గరిటె పెట్టకూడదు, గిన్నె రెండు చెవులూ పట్టుకుని కుదపాలి. చివరికి ఎనామిల్ పూసిన వెడల్పాటి ఇనప గిన్నె పనికొచ్చింది. ముక్కలకి ఉప్పూ, పసుపూ, కారమూ పట్టించి పెట్టారు. ఉల్లిపాయ ముద్ద నూనెలో ఎర్రగా వేగాక ధనియాల పొడి, జీలకర్ర పొడి. హోలియోక్ చింతకాయలు ఒలిచి తీసిన పులుసు. చీల్చిన పచ్చిమిరపకాయలు. ప్యూర్టో రికో కొట్టు బెండకాయలు, నాలుగేసి అంగుళాలవి, నిండుగా. పులుసు తెర్లాక ముక్కలు ఒక వరసలో పరిచి, ఊరి నుంచి తెచ్చుకున్న ఆవకాయ జాడీలో తేరిన నూనె రెండు గరిటెలు పోశారు. మన పక్క పులసలో వెన్న వేసే అలవాటుంది. ఇక్కడ పాడికి లోటేముంది, పక్క పొలం వెన్నే పెద్ద ముద్ద వేశారు. మూత బిగించి, 120 డిగ్రీల సెంటీగ్రేడులో సాయంత్రమంతా ఓవెన్లో ఉంచారు. రాత్రి ఎవర్నీ ముట్టనివ్వలేదు. మా బావ మూడుసార్లు వంటింట్లోకి వెళ్లొచ్చాడు.

మర్నాడు మధ్యాహ్నం తిన్నాం. రుచి ఎలా ఉందో ఉన్నదున్నట్టు చెప్తాను. ఇది పులస కాదు. పులసలో కొవ్వు ముక్క ముక్కకీ తేలి, అన్నం కలిపితే వేళ్లకి అంటుకుని సాయంత్రందాకా వదలదు. షాడ్‌లో ఆ జిడ్డు సగమే. నది ఎక్కేటప్పుడు ఈ చేప మేత దాదాపు మానేసి, ఒంట్లో కొవ్వు కరిగించుకుంటూ వస్తుంది. సముద్రానికి ఇంకా దగ్గర్లో పట్టినదైతే మరికాస్త మేలుగా ఉంటుందేమోనని ఆవిడ అనుమానం. కానీ కండలో ఆ సన్నటి తీపి ఉంది. పెద్ద ముల్లు నిలిచింది, సన్నముళ్లు నోట్లో పిండైపోయాయి. పులుసులో ఊరిన గుడ్లు మాత్రం పులస గుడ్లకి ఏమాత్రం తీసిపోవు. ఈ మాట నాది కాదు, అత్తయ్యగారిది. గోదారి అవతల పుట్టిన చేపని ఆవిడ మెచ్చుకోగా వినడం మా బావకి అదే మొదటిసారట.

బంగ్లాదేశీ కొట్లలో ఇలిష్ పేరుతో గడ్డకట్టించిన ఇలస దొరుకుతుంది. న్యూయార్క్ పోతే కావలసినంత. అది జాతికి సొంత పులసే. అదీ వండి చూశారట. "దానికి పేరుంది, ప్రాణం లేదు" అని కొట్టిపారేశారు. ఎన్నాళ్లు ఐసులో ఉందో తెలియని సొంత చేప కంటే నిన్నటిదాకా నీళ్లలో ఉన్న వరస చేప మేలు. ఈ విషయంలో నేను ఆవిడ పక్షమే.

చేపల లిఫ్టు గురించి ఇంకో మాట. హోలియోక్ ఎగువన టర్నర్స్ ఫాల్స్ దగ్గర 1798లోనే ఆనకట్ట కట్టేశారు. ఆ దెబ్బతో ఈ నదిలో సాల్మన్ చేప అంతరించింది. ఎన్నో ఏళ్లు పిల్లల్ని వదిలి పెంచడానికి ప్రయత్నించారు, 2012లో ప్రభుత్వం చేతులెత్తేసింది. షాడ్‌కి లిఫ్టు వచ్చింది కాబట్టి షాడ్ మళ్లీ ఎగువకి చేరింది. మన దగ్గర కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తిచేశాడు. ఆ నీళ్లే లేకపోతే మా జిల్లాలకి అన్నం లేదు, నేనెవర్నీ తప్పుపట్టను. గంగమీద 1975లో ఫరక్కా బ్యారేజీ వచ్చాక, ఒకప్పుడు అలహాబాద్ దాకా ఎక్కిన ఇలస ఆ పైకి రావడం దాదాపు ఆగిపోయింది. పులసని ఏటా ధరలో కొలుచుకుని మురిసిపోతాం. ఎన్ని వస్తున్నాయో లెక్కపెట్టే గాజు కిటికీ ఒకటి గోదారి మీద కూడా ఉంటే బాగుండును.

మే నెలలో మసాచుసెట్స్ వైపు ఎవరైనా పిల్లల దగ్గరికి వెళ్తుంటే హోలియోక్ వెళ్లండి. టికెట్టు లేదు. వారంలో అన్ని రోజులూ తెరవరు, జూన్ సగానికి మూసేస్తారు కాబట్టి ముందు కనుక్కుని బయల్దేరండి. చింతకాయలు ఆ ఊళ్లోనే కొనుక్కోండి. కనెటికట్ దుకాణాల్లో చేప కొనేటప్పుడు ముళ్లు తీయనివ్వకండి, ఆడచేప అడగండి. తలకాయ అక్కడెవరూ కొనరు, అడిగితే ఊరికే ఇస్తారు.